షాపులో సరుకు తగ్గిపోతోంది, గేటు పెట్టాలా, ముఖం పట్టే కెమెరా పెట్టాలా? (మారతహళ్లి)

నెల్లూరు_కొట్టు | ఆదివారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది బెంగళూరు మారతహళ్లిలో పీజీలుండే సందులో చిన్న సూపర్ మార్కెట్. పన్నెండు వందల చదరపు అడుగులు ఉంటుంది, కస్టమరే బుట్ట పట్టుకుని ర్యాకుల మధ్య తిరిగి కావలసింది తీసుకుంటారు. నేనూ, మా ఆవిడా, నలుగురు కుర్రాళ్లు. తొమ్మిదేళ్లుగా ఇదే మా బతుకు.

మొన్న మూడు నెలల స్టాక్ లెక్క తీశాం. కంప్యూటర్లో చూపించే సరుకుకీ ర్యాకులో ఉన్న సరుకుకీ 41 వేల తేడా. లీటరు నెయ్యి ప్యాకెట్లు 31 తక్కువ. జీడిపప్పు, షేవింగ్ కార్ట్రిడ్జిలు, పెద్ద చాక్లెట్లు, డైపర్లు, తగ్గినవన్నీ ఖరీదైనవే. నెయ్యి మీద మిగిలేది ఎంతో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి తెలుసు, ఒక్క ప్యాకెట్ పోతే పది పన్నెండు అమ్మితే గానీ ఆ డబ్బు పూడదు. మూడు రోజులుగా నిద్ర లేదు.

ఎనిమిది కెమెరాలున్నాయి. రాత్రి షట్టర్ దించాక కూర్చుని ఫుటేజీ చూస్తున్నాను, కళ్లు మండటం తప్ప ఏమీ దొరకలేదు. నిన్న ఒక సేల్స్ అబ్బాయి వచ్చి ముఖాలు గుర్తుపట్టే కెమెరా పెట్టుకోండి, ఒకసారి దొంగతనం చేసినవాడు మళ్లీ గుమ్మం ఎక్కితే మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది అన్నాడు. ఇంకొకరు బట్టల షాపుల్లో గుమ్మం దగ్గర ఉండే, ట్యాగ్ తీయని వస్తువు దాటితే మోగే గేట్లు పెట్టమంటున్నారు. రెండూ లక్ష దాటే ఖర్చులే. ఇంకో అనుమానం కూడా ఉంది, రాయడానికి మనసు రావట్లేదు. గోడౌన్ చూసుకునే కుర్రాడు శ్రీకాకుళం నుంచి వచ్చి ఏడు నెలలైంది, వాడు చేరినప్పటి నుంచే ఇలా జరుగుతోందా అని. వాడి సంచి రెండుసార్లు విప్పించి చూశాను కూడా.

ఇలాంటివి పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏది పెడితే ఆగుతుంది?

ఎస్పీరోడ్_శీను | సోమవారం ఉదయం 7:05

అన్నా, పదకొండేళ్లుగా బెంగళూరులో కెమెరాలు బిగిస్తున్నాను, ఎస్పీ రోడ్‌లో సరుకు కొని సర్జాపూర్ దాకా తిరుగుతుంటాను. కొత్తది కొనకముందు ఉన్నవి ఎటు చూస్తున్నాయో చూడండి. నేను వెళ్లిన షాపుల్లో చాలావాటిలో కెమెరా సీలింగుకి మూలలో వేలాడుతూ కిందకి చూస్తుంటుంది. దానిలో కనపడేది నడినెత్తి, టోపీ, హెల్మెట్. ముఖమూ రాదు, చేతులూ రావు. గుమ్మం దగ్గరది ఏడడుగుల ఎత్తులో, లోపలికి వచ్చేవాళ్ల ముఖం చూసేలా ఉండాలి, అదీ బయటి ఎండకి ముఖం నల్లగా పడకుండా వైడ్ డైనమిక్ ఉన్న కెమెరా అయి ఉండాలి. బిల్లింగ్ కౌంటర్ మీద ఒకటి నిటారుగా, స్కానరూ చేతులూ రెండూ కనపడాలి. వెనక తలుపు దగ్గర, లోడ్ దించే చోట ఒకటి. ర్యాకుల మధ్య పెట్టేవి సందు పొడవునా చూడాలి, అడ్డంగా చూస్తే ఒక్క ర్యాకే కనపడుతుంది.

ఇక డిస్క్ సంగతి. 1080పి కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డ్ చేస్తే రోజుకి సుమారు 21 జీబీ అవుతుంది. ఎనిమిదికి 170 జీబీ దాటుతుంది. మీ డీవీఆర్‌లో, అంటే ఫుటేజీ దాచే పెట్టెలో, 1 టీబీ ఉంటే ఆరు రోజులు కూడా నిలవదు, ఆరో రోజే పాతదాని మీద రాసేస్తుంది. అంటే మూడు నెలల్లో పోయిన సరుకుని మీరు ఆరు రోజుల ఫుటేజీలో వెతుకుతున్నారన్నా. వీడియోని తక్కువ చోటులో కుదించే హెచ్.265 సెట్టింగ్ పెట్టి, 4 టీబీ డిస్క్ వేస్తే ముప్పై రోజులు హాయిగా వస్తుంది. కర్ణాటకలో 2017లో వచ్చిన ప్రజా భద్రత చట్టం కూడా జనం ఎక్కువగా వచ్చే చోట్ల ఫుటేజీ 30 రోజులు ఉంచమంటుంది.

డీవీఆర్ గడియారం, బిల్లింగ్ కంప్యూటర్ గడియారం ఒకటే చూపించాలి. ఇది ఎవరూ పట్టించుకోరు. ఏడు నిమిషాల తేడా ఉంటే ఏ బిల్లు ఎవరిదో ఎప్పటికీ తేలదు. పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే ఉంచితే ఈరోజే మార్చండి. కొత్త కెమెరా కొంటే 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్ష సర్టిఫికెట్ తప్పనిసరి అయింది, అది ఉందో లేదో అడిగి కొనండి.

గాజువాక_కుర్రోడు | సోమవారం ఉదయం 9:30

ఇంత ఆలోచన ఎందుకు భయ్యా. దొరికినవాడి ఫోటో ప్రింట్ తీసి గుమ్మంలో అంటించండి, ఏరియా వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మా బాబాయి షాపులో అదే చేశారు. భయం ఉంటేనే ఆగుతుంది.

పీజీ_డైరీ | సోమవారం మధ్యాహ్నం 1:15

ఆ పని మాత్రం చేయకండి. నా సంగతి చెబుతాను.

మాది కడప, ఇక్కడ బెళ్లందూరులో ఉద్యోగం. రెండేళ్ల కిందట ఒక ఆదివారం పెద్ద షాపు నుంచి బయటికి వస్తుంటే గేటు మోగింది. బిల్లు నా చేతిలోనే ఉంది. సెక్యూరిటీ ఆయన బిల్లు చూడలేదు, నా హ్యాండ్‌బ్యాగ్ పట్టీ పట్టుకుని పక్కనున్న బల్ల దగ్గరికి లాగాడు. బ్యాగులో ఉన్నవన్నీ ఆ బల్ల మీద కుమ్మరించారు. టిఫిన్ బాక్స్, చార్జర్, శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్, మా అమ్మ రాసిచ్చిన మందుల చీటీ. లైన్లో ఉన్నవాళ్లందరూ చూస్తున్నారు, ఒకాయన తన చిన్న పాపని పక్కకి తిప్పుకున్నాడు, నన్ను చూడొద్దన్నట్టు. చివరికి బ్యాగు లోపలి జిప్‌లోంచి బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ ముక్క బయటపడింది. ఆ బ్యాగు నేను అంతకు ముందు వారం వేరే షాపులో కొన్నది, వాళ్లు అది తీయకుండా ఇచ్చారు. అప్పుడు వీళ్లు అన్న మాట, "సరే మేడమ్, వెళ్లండి" అని. అంతే.

అప్పటి నుంచి ఏ షాపు గుమ్మం దాటేటప్పుడైనా నా చెయ్యి దానంతటదే బిల్లు మీదకి పోతుంది. నెల్లూరు అన్నా, మీ షాపుకి వచ్చేది నాలాంటి పీజీ పిల్లలే. గేటు పెట్టుకోండి, కెమెరా పెట్టుకోండి, కానీ అది మోగినప్పుడు ఏం మాట్లాడాలో మీ కుర్రాళ్లకి ముందే నేర్పండి.

చిక్‌పేట_పద్మ | సోమవారం సాయంత్రం 6:50

చెల్లీ, చదివి కడుపు తరుక్కుపోయింది. నేను పద్నాలుగేళ్లు బట్టల షోరూముల్లో ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా చేశాను, అందుకే ఇది రాస్తున్నాను.

నీ బ్యాగులో దొరికిన ముక్క లోపల సన్నటి లోహపు రేకులు వదులుగా ఉంటాయి. గేటు 58 కిలోహెర్ట్జ్ దగ్గర అలలు వదిలి ఆపుతుంది, ఆపిన తర్వాత కూడా ఆ రేకు గుడిగంట మోగినట్టు కాసేపు కంపిస్తూనే ఉంటుంది, ఆ కంపనాన్ని గేటు వింటుంది. బిల్లు వేసేటప్పుడు కౌంటర్లో ఉన్న ప్యాడ్‌కి సరిగ్గా ఆనిస్తే పక్కనున్న అయస్కాంతపు రేకు బలం పోయి అది ఇక పలకదు. హడావుడిలో ఆనించకపోతే ఏ షాపు గేటులోనైనా మోగుతుంది. అది ఎవరు దొంగో చెప్పే యంత్రం కాదు, ఒక రేకు ఇంకా బతికే ఉందని మాత్రమే చెబుతుంది.

మా దగ్గర గేటు రోజుకి పదిహేను ఇరవై సార్లు మోగేది. మోగీ మోగీ చివరికి సెక్యూరిటీ వాళ్లు తల కూడా ఎత్తకుండా చెయ్యి ఊపి పంపేసేవాళ్లు, లేదంటే విసుగొచ్చి ఎవరి మీదో పడేవాళ్లు. నేను గేటు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టించాను. మోగిన ప్రతిసారీ టైము, కారణం రాయాలి. నెల తర్వాత చూస్తే ఎక్కువ సార్లు తప్పు మా కౌంటర్‌దే. మాట కూడా మార్పించాను, "సారీ మేడమ్, మా వాళ్లు ట్యాగ్ తీయడం మర్చిపోయినట్టున్నారు, ఒక్కసారి కౌంటర్‌కి వస్తారా" అని. నిజంగా తీసుకున్నవాళ్లు కూడా ఆ మాటకి కౌంటర్‌కి వచ్చి డబ్బు కట్టి వెళ్లిన సందర్భాలున్నాయి.

బట్టలకి పెట్టే గట్టి ట్యాగులో మూడు చిన్న ఉక్కు గుండ్లు పిన్నుని కరిచి పట్టుకుంటాయి, బలమైన అయస్కాంతం పెడితేనే వదులుతాయి. ఆ అయస్కాంతాన్ని కౌంటర్‌కి బిగించి ఉంచాలి, బల్ల మీద వదిలేయకూడదు. కానీ ఇవన్నీ బట్టలకి, చెప్పులకి, పర్ఫ్యూములకి. తమ్ముడూ, నీది కిరాణా. చదరపు కాగితం స్టిక్కర్లు ఉంటాయి, 8.2 మెగాహెర్ట్జ్‌వి, అవి రేకు కవర్ మీదా డబ్బా మీదా అంటిస్తే పలకవు. నీ నెయ్యి, చాక్లెట్లు, పాలపొడి అన్నీ రేకు కవర్లే కదా. పైగా ప్రతి ప్యాకెట్‌కి స్టిక్కర్ అంటించే మనిషి కావాలి. నీ సైజు షాపుకి గేటు వద్దు.

కోర్టు_హాల్_రావు | సోమవారం రాత్రి 8:20

నేను ఇక్కడ సిటీ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాను. గాజువాక తమ్ముడు చెప్పినట్టు ఫోటో అంటిస్తే పరువు నష్టం కేసు షాపతని మీదకే వస్తుంది, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356.

ఇంకోటి చాలామందికి తెలియదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 303 సెక్షన్ కింద, సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడినవాడు ఆ సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సామాజిక సేవ శిక్షగా వేస్తారు. ఈ తరహా నేరాన్ని నాన్ కాగ్నిజబుల్ (పోలీసులు కూడా వారెంట్ లేకుండా అరెస్ట్ చేయలేనిది), బెయిలబుల్ (బెయిల్ హక్కుగా వచ్చేది) అని వేశారు. మామూలు మనిషి ఎవరినైనా పట్టుకుని పోలీసులకి అప్పగించే హక్కు (నాగరిక్ సురక్షా సంహిత 40, ఆరు గంటల్లోపు అప్పగించాలి) ఉన్నది తన కళ్లెదుట కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరం జరిగినప్పుడే. కాబట్టి 300 రూపాయల చాక్లెట్ కోసం ఒక పిల్లవాడిని గోడౌన్లో రెండు గంటలు కూర్చోబెడితే అది అక్రమ నిర్బంధం అవుతుంది, సెక్షన్ 127, ఏడాది దాకా జైలు. బలవంతంగా సోదా చేసే అధికారం కూడా మీకు లేదు. మర్యాదగా అడగండి, వినకపోతే ఫుటేజీ దాచి ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫుటేజీ కోర్టులో నిలవాలంటే సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, ఫోన్‌తో స్క్రీన్‌ని వీడియో తీసి తెస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఆ గోడౌన్ అబ్బాయి విషయం. పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే సెక్షన్ 306, ఏడేళ్ల దాకా. ఆ మాట ఒకసారి వాడి మీద పడితే ఊళ్లో కూడా వెంటాడుతుంది. చేతిలో ఆధారం లేకుండా నోరు జారవద్దు.

నెల్లూరు_కొట్టు | సోమవారం రాత్రి 11:55

పీజీ_డైరీ అమ్మా, మీది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. గేటు ఆలోచన మానేశాను. రావు గారూ, శీను అన్నా, పద్మక్కా, చాలా థాంక్స్. డీవీఆర్ చూశాను, 1 టీబీయే ఉంది. గడియారం పదకొండు నిమిషాలు వెనక ఉంది.

ముఖం పట్టే కెమెరా గురించి ఎవరైనా చెప్పగలరా?

వైట్‌ఫీల్డ్_చిప్పు | మంగళవారం ఉదయం 8:10

నేను ఆర్ఎఫ్ఐడీ, అంటే వస్తువుకి అంటించిన చిప్పుని రేడియో అలలతో చదివే పద్ధతి, దాని మీద పనిచేస్తాను, రిటైల్ కంపెనీలకే. ముఖం పట్టే కెమెరా గురించి ఒక్కటి చెబుతాను. అమెరికాలో రైట్ ఎయిడ్ అనే మందుల షాపుల గొలుసు చాలా షాపుల్లో పెట్టింది, పాత దొంగల ఫోటోలతో పోల్చి సిబ్బందికి మెసేజ్ వచ్చేది. మసక ఫోటోలు, తప్పు పోలికలు, ఏ పాపం తెలియని కస్టమర్లని వెంటాడారు, అందరి ముందు దొంగలన్నారు, ఎక్కువ దెబ్బ పడింది ఆడవాళ్ల మీదా నల్లజాతి వాళ్ల మీదా. 2023 డిసెంబర్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఐదేళ్లపాటు దాన్ని వాడకుండా నిషేధం పెట్టింది. అంత పెద్ద కంపెనీకే అదుపు కాలేదు. మన దగ్గర కూడా 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కస్టమర్ల ముఖాలు పోగేసి పెట్టుకుంటే వాటికి జవాబుదారీ మీరే, ఆ సేల్స్ అబ్బాయి కాదు.

నా సొంత రంగం గురించి కూడా నిజమే చెప్పాలి. డెకాథ్లాన్ స్పోర్ట్స్ షాపులో బుట్టలోని వస్తువులన్నీ పెట్టెలో వేయగానే ఒక్కసారే బిల్లులో పడతాయి చూశారా, అది ఆర్ఎఫ్ఐడీ. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. టీషర్టుకి, బూట్లకి అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రతి వస్తువుకీ దానిదే అయిన నంబర్ ఉంటుంది, గంటలో షాపంతా లెక్కపెట్టేయొచ్చు. కానీ నీళ్లు ఆ అలల్ని పీల్చేస్తాయి, లోహం వెనక్కి కొడుతుంది. నూనె, పాలు, రేకు కవర్లు, డబ్బాలు ఉన్న కిరాణాలో కష్టం. చిప్పుకి కొన్ని రూపాయలవుతుంది, పది రూపాయల బిస్కెట్ మీద మీకు మిగిలేది అంత ఉంటుందా? అమెజాన్ వాళ్లు 2018లో కౌంటరే లేని షాపు తెరిచారు, సీలింగ్ నిండా కెమెరాలు, 2024 నాటికి తమ పెద్ద కిరాణా షాపుల్లోంచి వాళ్లే దాన్ని తీసేశారు.

లెక్కల_మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం 2:40

బాబూ, నేను ముప్పై ఏళ్లు షాపుల్లో స్టాక్ ఆడిట్ చేశాను, హైదరాబాద్‌లో కొంత, ఇక్కడ చాలా. అందరూ దొంగని ఎలా పట్టాలో చెబుతున్నారు, అసలు దొంగతనం జరిగిందని ఎవరు తేల్చారు? తగ్గిన ప్రతిదీ దొంగతనం కాదు. అమెరికా రిటైలర్ల సంఘం అంతటిది, పోయిన సరుకులో దాదాపు సగం ముఠా దొంగల పనే అని నివేదికలో రాసి, 2023 డిసెంబర్‌లో ఆ మాట వెనక్కి తీసుకుంది. అందరూ చేసే పొరపాటే, సరుకు కనపడకపోతే మొదట మనిషి మీదకి మనసు పోతుంది.

నిన్ను ఒక్కటే అడుగుతాను. తగ్గినవి ఏవో చెప్పావు. పెరిగినవి ఏవి?

నెల్లూరు_కొట్టు | మంగళవారం మధ్యాహ్నం 3:05

పెరిగినవా? అవి చూడలేదు సార్. తగ్గినవే లిస్ట్ తీసి మొత్తం కూడిక వేశాను.

లెక్కల_మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం 3:20

అది తీయి. ప్రతి స్టాక్ లెక్కలో కొన్ని ఎక్కువ కూడా వస్తాయి. దొంగ ఎవడూ నీ ర్యాకులో సరుకు పెట్టిపోడు కదా, ఎక్కువ వచ్చిందంటే అది బిల్లింగ్‌లోనో, కొనుగోలు ఎంట్రీలోనో జరిగిన తప్పు. ఆ ఎక్కువకి జంట తక్కువ ఎక్కడో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

రేపటి నుంచి రోజూ ఉదయం షట్టర్ ఎత్తకముందు ఇరవై వస్తువులే లెక్కపెట్టు, ఖరీదైనవే. మూడు నెలలకోసారి అన్నీ లెక్కపెడితే ఎప్పుడు పోయిందో తెలియదు. రోజూ పెడితే నిన్నటి నుంచి ఈరోజుకి పోయింది అని తెలుస్తుంది, అప్పుడు శీను చెప్పిన ఫుటేజీ పనికొస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రద్దు చేసిన బిల్లులు, తీసేసిన లైన్ల రిపోర్ట్ ఉంటుంది, అది కూడా తీయి. లోడ్ వచ్చినప్పుడు ఇన్‌వాయిస్ చేతిలో పెట్టుకుని లెక్కపెట్టకు, అందులో ఉన్న అంకెనే మనసు చదివేస్తుంది. ముందు లెక్కపెట్టి రాసుకుని, ఆ తర్వాతే ఇన్‌వాయిస్ తెరువు.

సిల్క్‌బోర్డ్_టిఫిన్స్ | మంగళవారం రాత్రి 10:30

మధ్యలో ఒక మాట. మా ఇడ్లీ సెంటర్లో సరుకు పోదు, డబ్బే పోతుంది. రద్దీలో ఫోన్ చూపిస్తారు, ఆకుపచ్చ టిక్కు ఉంటుంది, మన అకౌంట్లో పడదు. అలా చూపించడానికే నకిలీ యాప్‌లున్నాయి. సౌండ్ బాక్స్ పలికితేనే ప్లేట్ ఇవ్వమని కుర్రాళ్లకి చెప్పాను. పొద్దున షాపు తీయగానే నేనే ఒక రూపాయి స్కాన్ చేస్తాను, రాత్రికి రాత్రి మన క్యూఆర్ మీద ఎవరైనా వాళ్లది అంటించినా బాక్స్ పలకదు కాబట్టి తెలిసిపోతుంది. నెల్లూరు అన్నా, కౌంటర్ దగ్గర అది కూడా చూసుకోండి.

నెల్లూరు_కొట్టు | పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 11:15

మాస్టారూ, అందరికీ చెప్పాలి, కొంచెం పెద్దదే రాస్తున్నాను.

ఎక్కువ వచ్చినవి తీశాను. అర లీటరు నెయ్యి 27 ఎక్కువ ఉన్నాయి. లీటరువి 31 తక్కువ, అర లీటరువి 27 ఎక్కువ. రెండూ పక్కపక్కన రాసుకుని కౌంటర్లో అలాగే కూర్చుండిపోయాను. ఆ మర్నాడు శీను అన్న చెప్పినట్టు కౌంటర్ మీద కెమెరా మార్చి చూశాం. నెయ్యి కవర్ మెత్తగా ఉంటుంది, బార్‌కోడ్ ముడతలు పడి స్కానర్ చదవట్లేదు. రెండుసార్లు చూసి మా కౌంటర్ అమ్మాయి కీబోర్డ్‌లో పేరు కొడుతోంది, జాబితాలో మొదట వచ్చేది అర లీటరు, ఎంటర్ నొక్కేస్తోంది. లీటరు 650, అర లీటరు 340. లీటరు తీసుకున్న కస్టమర్ 340 కట్టి వెళ్లిపోతున్నాడు, ఆయనకీ తెలియదు, ఆ అమ్మాయికీ తెలియదు. మిగతా నాలుగు ప్యాకెట్లు కారిపోతే డిస్ట్రిబ్యూటర్‌కి వెనక్కి ఇచ్చినవి, ఎంట్రీ నేనే వేయలేదు.

డైపర్లు. గురువారం లోడ్ వచ్చినప్పుడు ఇన్‌వాయిస్ తెరవకుండా లెక్కపెట్టి రాశాను. తెరిచి చూస్తే ఒక పెట్టె తక్కువ. వ్యాన్ అక్కడే ఉంది కాబట్టి మాట్లాడితే ఆ డబ్బు మా బిల్లులో తగ్గిస్తామని క్రెడిట్ నోట్ ఇచ్చారు. ఇన్నాళ్లూ పెట్టెలు దించుతుంటే నేను ఫోన్‌లో ఉండి సంతకం పెట్టేసేవాణ్ని.

ఇక జీడిపప్పు. అది మేమే పావు కిలో ప్యాకెట్లు కడతాం. పది ప్యాకెట్లు తీసి తూచాను. 258, 262, 266, ఒక్కటి కూడా 250 లేదు. తూకం యంత్రం తూనికల శాఖ ముద్ర ఉన్నదే, తప్పు దానిది కాదు. గోడౌన్లో ఫ్యాన్ కింద పెట్టాం, గాలికి అంకె ఊగుతూ ఉంటుంది. కట్టేది ఆ శ్రీకాకుళం కుర్రాడే. ఎందుకు ఎక్కువ వేస్తున్నావురా అని అడిగాను, నెమ్మదిగానే అడిగాను. "అంకె ఊగుతాది కదన్నా, తక్కువ పడితే మీకు మాట వస్తాదని రెండు పప్పులు ఎక్కువే ఏశాను" అన్నాడు.

నేను సంచి విప్పించింది వాడిది. రెండుసార్లు. రెండోసారి వాడు నేను అడగకుండానే విప్పి చూపించాడు, లోపల ఒక జత బట్టలు, వాళ్లమ్మకి పంపడానికి తీసుకున్న కళ్లజోడు డబ్బా. ఆ రాత్రి మా ఆవిడ ముందే వాడికి తప్పైందిరా అని చెప్పాను. వాడు ఫర్వాలేదన్నా అంటున్నాడు, కానీ ఇప్పటికీ వెళ్లేటప్పుడు సంచి నాకు కనపడేలా చేత్తో పైకి పట్టుకుని వెళ్తున్నాడు. అది మాన్పించడం నాకు చేతకావట్లేదు.

తక్కువల్లోంచి ఎక్కువలు తీసేస్తే 41 వేలు 28 వేలయింది. అందులో నెయ్యి తప్పు బిల్లులు 8 వేల పైన, జీడిపప్పు 6 వేలు, డైపర్లు 5,500, కారిపోయిన నెయ్యి 2,600. నిజంగా ఎవరో తీసుకుపోయారనుకున్నది 5 వేలు, కార్ట్రిడ్జిలు, చాక్లెట్లు. అది నిజమే, కింది ర్యాకులో ఐదు కిలోల పిండి సంచులు జరిపితే వెనక నాలుగు ఖాళీ అట్టలు దొరికాయి, చించి లోపలివి తీసుకుని అక్కడే దోపారు. ఆ మూల ఏ కెమెరాకీ కనపడదు. కార్ట్రిడ్జిలు కౌంటర్ వెనక్కి మార్చాను, అడిగితే ఇస్తున్నాం. అమ్మకం కొంచెం తగ్గింది, తగ్గనీ.

చిక్‌పేట_పద్మ | ఆదివారం రాత్రి 11:50

తమ్ముడూ, వాడికి రాత్రి షట్టర్ తాళం ఇచ్చి చూడు. మాటతో పోనిది దాంతో పోవచ్చు. పిండి సంచులు ఎత్తైన ర్యాకులో పెట్టకు, నడుము ఎత్తు దాటకుండా పేర్చు, ఆ మూల కౌంటర్లోంచే కనపడుతుంది.

లెక్కల_మాస్టారు | సోమవారం ఉదయం 6:30

బాగా చేశావు బాబూ. నెయ్యికి కొత్త బార్‌కోడ్ ప్రింట్ తీసి, అట్ట మీద అంటించి కౌంటర్లో పెట్టు, కవర్ చదవకపోతే ఆ అట్టని స్కాన్ చేయమను. జాబితాలో పేర్లు కూడా మార్చు, సైజు ముందు, పేరు తర్వాత వచ్చేలా. రోజూ ఇరవై లెక్కపెట్టడం మాత్రం ఆపకు.

పీజీ_డైరీ | సోమవారం ఉదయం 9:05

అన్నా, మీ షాపు ఏ సందులో ఉందో మెసేజ్ పెట్టండి. నెయ్యి అక్కడే కొంటాను, లీటరుకి లీటరు డబ్బులే ఇస్తాను.

నెల్లూరు_కొట్టు | సోమవారం రాత్రి 10:40

తప్పకుండా రామ్మా. పద్మక్కా, తాళం ఇచ్చాను ఈరోజు. తీసుకుని జేబులో పెట్టుకుని రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. రేపు పొద్దున వాడే తెరుస్తాడు, తెరిచాక ఇద్దరం నూనె ర్యాకు లెక్కపెడతాం.

శీను అన్నా, ఆదివారం ఆ మూల కెమెరాకి వస్తారు కదా, 4 టీబీ డిస్క్ కూడా మీరే తెచ్చేయండి. నిచ్చెన మా దగ్గర ఉంది.